పెంకు లోపలే చనిపోయిన పిల్లలు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె. మా నాటుకోడి పెట్టలు పొదుగుకు రావడం లేదని థర్మోకోల్ పెట్టెలో 60 వాట్ల బల్బు, థర్మోస్టాట్ బిగించి 20 గుడ్లు పెట్టాను. మూతకు లోపలివైపు అంటించిన థర్మోమీటరు ఎప్పుడు చూసినా 37.5 డిగ్రీలే చూపింది. 23 రోజులు గడిచినా మూడు పిల్లలే బయటికి వచ్చాయి. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే ఆరింటిలో ఏమీ లేదు, మూడింటిలో ఎర్రటి వలయం కనిపించింది, ఎనిమిదింటిలో నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్లలు చనిపోయి ఉన్నాయి. పెంకులు చిట్లడం మొదలైనప్పుడు ఆత్రం కొద్దీ మాటిమాటికీ మూత తీసి, గుడ్లు ఎండిపోతాయేమోనని నీళ్లు చిలకరించాను. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: రాని గుడ్లను పారవేయకుండా పగలగొట్టి చూడటం చాలా మంచి పని, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరికింది. ఏమీ లేని ఆరు గుడ్లు చాలావరకు పుంజు కలవనివి అయి ఉంటాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజైనా మందలో ఉండాలి. ఎర్రటి వలయం ఉన్నవి మొదటి వారంలోనే చనిపోయిన పిండాలు. గుడ్లను వారానికి మించి నిల్వ ఉంచినా, ఎండాకాలంలో వేడి గదిలో వదిలేసినా ఇలా జరుగుతుంది. అయితే మిమ్మల్ని నిజంగా నష్టపరిచింది ఆ ఎనిమిదే.

మొదటి లోపం థర్మోమీటరును ఉంచిన చోటు. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి మూత దగ్గర 37.5 ఉన్నప్పుడు, అడుగున ఉన్న గుడ్లకు అంతకంటే తక్కువ వేడే అందుతుంది. పైగా 37.5 అనేది చిన్న ఫ్యాను గాలిని తిప్పే పెట్టెకు చెప్పే లెక్క. ఫ్యాను లేని పెట్టెలో గుడ్ల పైభాగం ఎత్తున 38.3 వరకు ఉండాలి. 21 రోజులకు రావలసిన పిల్లలు 23వ రోజు దాకా సాగడం కూడా వేడి చాలలేదనే సూచిస్తోంది. జ్వరం చూసే థర్మోమీటరు ఇందుకు పనికిరాదు; అది తాకిన అత్యధిక వేడినే పట్టుకుని ఉంటుంది గాని వేడి తగ్గినప్పుడు కిందికి దిగదు.

రెండో లోపం చివరి మూడు రోజుల్లో జరిగింది. మొదటి 18 రోజులు గాలిలో తేమ 50 నుంచి 55 శాతం ఉంటే చాలు, ఆ తర్వాత 65 నుంచి 70 శాతం కావాలి. పిల్ల పెంకుకు చిల్లు పెట్టిన తర్వాత మూత తీస్తే, క్షణాల్లో తేమ బయటికి పోయి, లోపలి పొర కాగితంలా ఎండి పిల్ల ఒంటికి అతుక్కుంటుంది. అది ఇక తిరగలేదు. మీరు చిలకరించిన నీళ్లు ఆవిరవుతూ గుడ్లను చల్లబరిచాయే తప్ప మేలు చేయలేదు. తేమ పెరగాలంటే నీటి లోతు కాదు, పైవైశాల్యం పెరగాలి. కాబట్టి 18వ రోజునే వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, అందులో తడి స్పాంజి ఉంచి మూత వేయండి. తేమ చూపే మీటరు నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి, కాస్త తడిపిన ఉప్పుతో కలిపి దానిని గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచితే 75 దగ్గర చూపాలి.

గుడ్లు తిప్పే సంగతి మీరు రాయలేదు. ఒక పక్క గుణకారం, మరో పక్క సున్నా పెన్సిలుతో గీసుకుని, రోజుకు మూడు లేదా ఐదుసార్లు తిప్పాలి. సంఖ్య బేసి అయితే ప్రతి రాత్రీ ఒకే పక్క కింద ఉండిపోదు. 18వ రోజు నుంచి తిప్పడం ఆపాలి. పెట్టెకు గాలి రంధ్రాలు మాత్రం చివరిదాకా మూయకండి, ఎదిగిన పిల్లకు ఊపిరి ఎక్కువ కావాలి. బల్బు మాడిపోతే దాని స్థానంలో ఎల్ఈడీ పెట్టవద్దు, అది పెట్టెను వెచ్చబరచలేదు.

చిల్లు పడిన తర్వాత పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో అది మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటూ ఉంటుంది, పొరలోని రక్తనాళాలు ఇంకా ఆరి ఉండవు. గోటితో పెంకు తీస్తే నెత్తురు కారి చనిపోతుంది. ఆ సొన బలంతో మేత, నీళ్లు లేకుండానే పిల్ల రెండు రోజులు ఉండగలదు కనుక, వచ్చిన వాటిని అక్కడే ఒళ్లు ఆరి నూగు విచ్చుకునేదాకా ఉంచి, అన్నింటినీ ఒకేసారి మూత తీసి బయటికి తీయండి.