ఐదు కిలోమీటర్లకే ఆగిపోయే పాత బుల్లెట్: ముందు ట్యాంకు మూత చూడండి

అన్నా, మీ 1985 బుల్లెట్ 350 ఐదు కిలోమీటర్లు పోగానే ఆగిపోతోంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతోంది అన్నారు. దయచేసి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మాత్రం ఇప్పుడే మార్చకండి. ఇది ఎక్కువగా పెట్రోలు అందకపోతే వచ్చే లక్షణం.

ఈసారి ఆగగానే ట్యాంకు మూత తెరవండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుని, బండి వెంటనే అందుకుంటే దోషం మూతలోని గాలిరంధ్రానిదే. గాలి లోపలికి పోకపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పెట్రోలు దిగదు. సన్నటి తీగతో పొడిచి, నోటితో ఊది చూడండి.

తేడా లేదా? ఇంజన్ చల్లారాక కార్బురేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి, పెట్రోలును సీసాలోకి వదలండి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మూత తెరిచే ఉంచి చూస్తే పెట్రోలు ఆగకుండా ధారగా రావాలి. రానురాను చుక్కలైతే ట్యాంకు ఖాళీ చేసి దాని కింద ఉండే పెట్రోలు ట్యాప్ విప్పండి, అందులో పెట్రోలును వడకట్టే జాలీకి ఎర్రటి తుప్పు బురద పట్టి ఉండొచ్చు. జాలీ ఒక్కటే కడిగితే మళ్లీ మూసుకుంటుంది, ట్యాంకు లోపలి తుప్పు కూడా వదిలించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి వాషరు, పైపు కొత్తవి వేయండి. చెన్నైలోనే ఉన్నారు కదా, పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుప్పేటలో వెతకండి.

ధార బాగానే ఉంటే ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్‌లోకి పెట్రోలు వచ్చే దారిని తెరిచి మూసే సూది) ఇరుక్కుంటోందేమో చూడండి. అదీ కాకపోతే ఆగిన క్షణంలోనే ప్లగ్‌లో స్పార్క్ వస్తోందో లేదో చూడాలి, స్పార్క్ సరిగా రావడానికి తోడ్పడే కండెన్సర్ అనే చిన్న విద్యుత్ భాగం వేడికి దెబ్బతిన్నా బండి ఇలాగే ఆగుతుంది.