‘బిలవ్డ్’ పాఠం చెప్పబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సెమిస్టర్ ఎమ్మే రెండో సంవత్సరం పిల్లలకి అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ నువ్వే చెప్పాలన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భయంగా ఉందన్నావట. నాకూ ఉండేది. పద్నాలుగేళ్ళు చెప్పాను ఆ నవల. ప్రతి ఏడూ మొదటి క్లాసు ముందురోజు రాత్రి సరిగ్గా నిద్ర పట్టేది కాదు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చెయ్యకు. మొదటి ఏడాది క్లాసుని రెండు జట్లుగా విడదీసి, బానిసత్వం నుంచి పారిపోయిన కథానాయిక సెథ్, మళ్ళీ పట్టుబడబోతూ తన బిడ్డని చంపడం ఒప్పా తప్పా అని వాదన పెట్టాను. పిల్లలు రెచ్చిపోయి మాట్లాడారు. గంట కొట్టేసరికి మా చేతుల్లో నవల లేదు, ఒక కోర్టు కేసు ఉంది. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం నోరు విప్పలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గర ఆగి, “బతికిన కూతురి గురించి ఎవరూ మాట్లాడలేదు మేడమ్” అంది. ఆ మాట పట్టుకుని వేసవి సెలవులంతా నవల మళ్ళీ చదివాను. ఇప్పుడు నీకు చెబుతున్నదంతా అక్కణ్ణుంచి వచ్చిందే.

మొదటి రోజు నవల తెరవకు. చట్టం చెప్పు. 1662లో అమెరికాలోని వర్జీనియా వలస పాలకులు బిడ్డ స్థితి తల్లిని బట్టే అని శాసించారు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. ఇంగ్లండులో హోదా తండ్రి నుంచి వచ్చేది, అమెరికాలో దాన్ని తిరగేశారు. దాంతో యజమాని తాను చెరిచిన స్త్రీకి పుట్టిన సొంత బిడ్డని కూడా అమ్ముకోవచ్చు. 1808లో ఆఫ్రికా నుంచి మనుషుల్ని తేవడం నిషేధించాక, అక్కడ పుట్టే పిల్లల మీదే ఆ వ్యాపారం ఆధారపడింది. ఇదంతా బోర్డు మీద రాసి కాసేపు ఊరుకో. సెథ్ ఏ లోకంలో తల్లి అయిందో తెలిస్తే తప్ప ఆమె చేసిన పని గురించి మాట్లాడే అర్హత మనకి రాదు.

తర్వాత మార్గరెట్ గార్నర్ సంగతి చెప్పు, సెథ్ కథకి మూలమైన నిజం మనిషి, బానిస. 1856 జనవరిలో, గడ్డకట్టిన ఒహాయో నది మీద కుటుంబంతో నడిచి, బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి అది లేని ఒహాయోలోని సిన్సినాటి చేరింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఇల్లు చుట్టుముడితే రెండేళ్ళ కూతుర్ని చంపేసింది. ఆమెని హంతకురాలిగా విచారించాలా, పారిపోయిన సొత్తుగా అప్పగించాలా అని పెద్ద వాదం నడిచింది. హత్య అనాలంటే ముందు తల్లీ బిడ్డా మనుషులని ఒప్పుకోవాలి కదా. చివరికి యజమానికే అప్పగించారు. రెండేళ్ళకి టైఫాయిడ్‌తో పోయింది. ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేసే రోజుల్లో మారిసన్‌కి ఈ పాత వార్త కంటబడింది. 1987లో నవల వచ్చింది. కానీ ఆమె సెథ్‌ని వెనక్కి పంపలేదు. ఆ ఊళ్ళోనే ఉంచి, ఏళ్ళ తర్వాత, 1873లో కథ ఎత్తుకుంది. అప్పటికి అంతర్యుద్ధం అయిపోయింది, బానిసత్వం రద్దయింది. ఆ ఇంట్లో మాత్రం ఏదీ అయిపోలేదు.

చచ్చిపోయిన బిడ్డ దయ్యమై ఆ ఇంటికి వస్తుంది, దాని గురించి ఎక్కువ వివరించకు. మన పిల్లలకి దయ్యాన్ని నమ్మించాల్సిన పని లేదు. చిక్కంతా జ్ఞాపకం దగ్గర వస్తుంది. సెథ్ దృష్టిలో జ్ఞాపకం తలలో ఉండే వస్తువు కాదు, జరిగిన చోటే నిలబడి ఉంటుంది. నీకు జరగకపోయినా నువ్వు ఆ చోటికి వెళ్తే నీకూ ఎదురవుతుంది. మన పెద్దవాళ్ళు కొన్ని దారుల్లో పిల్లల్ని నడవనిచ్చేవాళ్ళు కారు చూడు, అది గుర్తుచెయ్యి, చాలు.

పాల దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగు. గర్భిణిగా ఉన్న సెథ్‌ని, తోట మీద పెత్తనం చేసే ‘స్కూల్‌టీచర్’ మేనల్లుళ్ళు పట్టుకుని, ముందే పంపేసిన చంటిదాని కోసం ఉన్న పాలు లాగేసుకుంటారు. తర్వాత కొరడాతో కొడతారు. ఏళ్ళ తర్వాత ఇది విన్న పాల్ డి, అదే తోటలో ఆమెతోపాటు బానిసగా ఉన్నవాడు, కొరడా దగ్గరే ఆగిపోతాడు. ఆమె మాత్రం నా పాలు తీసుకున్నారు, నా పాలు తీసుకున్నారు అనే అంటుంది. ఆ సంభాషణ ఇద్దరి చేత గట్టిగా చదివించు. అతనికి దెబ్బ వినపడుతోంది, ఆమె చెబుతున్నది వినపడటం లేదు.

అక్కణ్ణుంచి సెథ్ తల్లి దగ్గరికి వెళ్ళు. చాలామంది హడావిడిలో దాటేసే పేజీలవి. నాకు ఈ నవలంతటికీ గుండెకాయ అక్కడే ఉందనిపిస్తుంది. తల్లి పొలంలో ఉండేది, కూతురికి పాలిచ్చింది రెండు మూడు వారాలే. తర్వాత నాన్ అనే ఆవిడ అందరి పిల్లలకీ పాలు ఇచ్చేది, సెథ్ వంతు వచ్చేసరికి చాలేవి కావు. ఒకరోజు తల్లి రొమ్ము కింద కాల్చి వేసిన ముద్ర చూపించింది, వలయంలో శిలువ. నా మొహం గుర్తుపట్టలేకపోతే దీన్ని బట్టి గుర్తుపట్టు అంది. నాకూ ముద్ర వెయ్యమ్మా అని అడిగింది ఆ పసిది. చెంప మీద ఒక్కటి కొట్టింది తల్లి. ఎందుకు కొట్టిందో తనకీ ముద్ర పడేదాకా సెథ్‌కి అర్థం కాలేదు. తర్వాత తల్లిని ఉరి తీశారు. నాన్ చెప్పింది: బలవంతం వల్ల పుట్టిన బిడ్డలందర్నీ పారేసింది, నిన్నొక్కదాన్నే ఉంచుకుని పేరు పెట్టింది అని. ఆ మాటలు ఏ భాషలో విన్నదో ఆ భాషే సెథ్ మర్చిపోయింది. అర్థం మిగిలింది, ఒక్క పదం మిగల్లేదు. బుజ్జీ, తల్లి భాషని మాతృభాష అనే మనకి ఈ చోటు ఇంకెవరికన్నా లోతుగా తగలాలి. నాకు ప్రతిసారీ తగిలింది. గొంతు పట్టేస్తే పట్టెయ్యనీ, పిల్లల ముందు సిగ్గుపడకు.

పేరు సంగతీ చెప్పాలి. చచ్చిపోయిన బిడ్డ పేరు మనకి నవల ఎక్కడా చెప్పదు. సమాధి రాయి మీద చెక్కినవి ఏడు ఇంగ్లీషు అక్షరాలు, ‘Beloved’ అని, శిల్పికి సెథ్ తన శరీరంతో చెల్లించిన కూలికి వచ్చినవి. ఇంకో పది నిమిషాలు ఓర్చుకుంటే ఇంకో మాట కూడా వచ్చేదేమో అని ఆమె అనుకుంటుంది. నవల పేరు అక్కణ్ణుంచి వచ్చింది. దీని మీద వ్యాఖ్యానం ఏమీ చెయ్యకు.

ఇక డెన్వర్, ఆ బతికిన కూతురు. అక్క నెత్తురంటిన రొమ్ము నుంచే పాలు తాగిన చంటిది. తోటి పిల్లాడు మీ అమ్మ సంగతి నిజమేనా అని అడిగినప్పటి నుంచి రెండేళ్ళు చెవులు వినపడని పిల్ల. అమ్మంటే ప్రాణం, అమ్మంటే భయం. అమ్మ రోజూ రాత్రి తన తల నరికి, కిందికి తీసుకెళ్ళి జడ వేస్తుందని ఊహించుకుంటుంది. ఆ ‘జడ’ దగ్గర క్లాసులో ఆడపిల్లల మొహాలు చూడు. ఆ పిల్ల చివరికి, ఆకలికి అమ్మ కరిగిపోతుంటే, పన్నెండేళ్ళుగా ఒంటరిగా దాటని ఆవరణ దాటుతుంది. చచ్చిపోయిన నాయనమ్మ గొంతు ఆమెని బయటికి తోస్తుంది. ఇరుగుపొరుగు గిన్నెల్లో అన్నం పెట్టి, గిన్నె ఎవరిదో తెలిసేలా పేరు రాసి వదిలి వెళ్తారు. సెథ్ ప్రేమ ఒప్పా తప్పా అన్న ప్రశ్న నువ్వు అడగక్కర్లేదు. ఆ ప్రేమని మోస్తూ బతకాల్సింది డెన్వర్, ఆ పిల్ల ఏం చేసిందో అడుగు. చివర్లో తెల్లాయన బండి ఇంటి ముందుకొచ్చినప్పుడు సెథ్ ఈసారి బిడ్డ మీదికి కాదు, అతని మీదికి పరిగెడుతుంది. పిల్లలు దాన్ని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టేదాకా ఓపిక పట్టు.

ఎవరో ఒకరు తప్పకుండా ఆడబాపల గురించి లేస్తారు. తెలంగాణలో దొరలు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి, వాళ్ళ వెంట అత్తారింటికి దాసీలుగా పంపిన ఆడపిల్లలు. చెప్పనీ, నిజమైన బాధే అది. అయితే రెండూ ఒకటే అని తేల్చెయ్యనివ్వకు. సముద్రం దాటించి, భాష తుడిచేసి, కడుపుని చట్టంతో ఆస్తిగా రాసుకున్న చరిత్ర వేరు. దాని పేరు దానికి ఉండనిస్తేనే మన ఆడబాపలకీ న్యాయం జరుగుతుంది.

టైముంటే మారిసనే 2008లో రాసిన ‘ఎ మెర్సీ’ చూడమను. అందులో తల్లి కూతుర్ని ఒక పరాయివాడికి ఇచ్చేస్తుంది, కాపాడటానికి. కూతురికి మాత్రం అమ్మ వదిలేసిందన్న గాయమే మిగులుతుంది. టైము లేకపోతే వదిలెయ్.

మొదటి క్లాసుకి ముందే ఇందులో బిడ్డ మరణం, అత్యాచారం ఉన్నాయని పిల్లలకి చెప్పు. ఎవరైనా బయటికి వెళ్తానంటే కారణం అడక్కు. 

నా కాపీ రిజిస్టర్ పోస్టులో పంపాను. అట్ట ఊడింది, పేజీలన్నీ ఉన్నాయి. మార్జిన్లలో పెన్సిల్ రాతలు నమ్మకు, సగం ఆ మొదటి ఏడాదివే. డెన్వర్ గడప దాటే పేజీ దగ్గర ఒక జడ రిబ్బను ముక్క ఉంటుంది, మీ అమ్మది. చిన్నప్పుడు దాని జడలు నేనే వేసేదాన్ని. తీసి దానికివ్వు.

మీ పెద్దమ్మ