అరటిపండు మీది ఈగకు పుట్టిల్లు అడవే

ప్రశ్న: మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు ఒకప్పుడు ఆఫ్రికా అడవుల్లోనే ఉండేవంటారు. అదెలా తేలింది? అడవి ఈగల జన్యువులు పోల్చి చూడాలంటే ఎలా పట్టాలి, ఎన్ని కావాలి?

జవాబు: ముందు పేరు సంగతి. కాయను కుట్టి పంట పాడుచేసే పండు ఈగది వేరే కుటుంబం. మీరడిగేది డ్రోసోఫిలా మెలనోగాస్టర్ గురించి. దీనికి పండు కన్నా దాని మీద పెరిగే ఈస్టే ముఖ్యమైన తిండి.

జాంబియా, జింబాబ్వే ప్రాంతపు ఈగల్లో డీఎన్‌ఏ తేడాలు మిగతా చోట్ల కన్నా ఎక్కువ. యూరప్ ఈగల్లో ఉన్నవి చాలావరకు అందులో ఒక వంతే. కొద్ది ఈగలు వలసపోతే వాటి వెంట వెళ్లేవి ఆ కొద్ది జన్యురూపాలే, అరుదైనవి వెనకే ఉండిపోతాయి. 2018లో వెలువడిన పరిశోధన ఇంకో ముక్క కలిపింది: జింబాబ్వేలోని మటోబో అడవుల్లో, జనావాసాలకు దూరంగా, మరూలా అనే ఆఫ్రికా అడవి చెట్టు పండ్ల దగ్గర ఈ ఈగలు దొరికాయి. అక్కడి గుహల్లో వేల ఏళ్ల నాడు మనుషులు మరూలా తెచ్చుకు తిన్న ఆనవాళ్లున్నాయి. ఆ పండు వెంటే ఈగ మనిషి చెంతకు చేరిందన్నది పరిశోధకుల ఊహ. బలమైనదే, కానీ ఊహే.

ఆఫ్రికా నగరాల్లో పట్టిన ఈగలతో ఈ లెక్క తేలదు. బయటికి వెళ్లి తిరిగొచ్చిన వంశాల జన్యువులు వాటిలో బాగా కలిశాయి. అందుకే అడవికి వెళ్లాలి.

మగ్గిన అరటిపండు చిదిమి, చిటికెడు బేకరీ ఈస్టు కలిపి, ఒకరోజు పులియనిచ్చి, నీడలో అక్కడక్కడా దూరదూరంగా కట్టండి. ఉదయం, సాయంత్రం ఎక్కువగా వాలతాయి. రాలిన పండు తెచ్చి అందులోంచి పుట్టిన ఈగలను మాత్రం లెక్కలో వేయొద్దు. అవన్నీ ఒకే తల్లి పిల్లలు కావచ్చు.

ఆడ ఈగలను ఒక్కోటి ఒక్కో సీసాలో వేయండి. అడవిలో దొరికిన ఆడది దాదాపుగా జతకట్టే ఉంటుంది, వీర్యం దాచుకుంటుంది కాబట్టి మగది అక్కర్లేదు. 25 డిగ్రీల దగ్గర సుమారు 10 రోజుల్లో కొత్త ఈగలు వస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే. మెలనోగాస్టర్, దాని దగ్గరి చుట్టమైన సిమ్యులాన్స్ అనే వేరే జాతి, ఈ రెంటి ఆడ ఈగలను చూపుతో విడదీయడం చాలా కష్టం. కొడుకులను మైక్రోస్కోపు కింద పెట్టి జననాంగం పక్కనున్న తమ్మె చూడండి: సిమ్యులాన్స్‌లో వెడల్పుగా చిప్పలా, మెలనోగాస్టర్‌లో సన్నగా చిన్న కొక్కెంలా ఉంటుంది.

గుడ్లు పెట్టాక తల్లినే 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచండి. ఫార్మలిన్ వద్దు, డీఎన్‌ఏ చెడుతుంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు పొట్ట తెంచి పడేసి, తల, రొమ్ము మాత్రమే వాడండి. పొట్టలో మగ ఈగ వీర్యం ఉంటుంది కదా, అది కలిస్తే ఆ మగ ఈగ డీఎన్‌ఏ కూడా తల్లిదిగా లెక్కలోకి వస్తుంది. సంతానాన్ని తరతరాలు సీసాలో పెంచి ఆ తర్వాత పరీక్షించినా తప్పే, తోబుట్టువులే జతకట్టడంతో తేడాలు చెరిగిపోతాయి.

ఒక్కో ఈగలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి కాబట్టి ఒక్కో చోటికి 20 తల్లులుంటే 40 ప్రతులు చేతికొస్తాయి, మొదలుపెట్టడానికి చాలు. ఒకే చోట వంద పట్టడం కన్నా ఐదు చోట్ల ఇరవయ్యేసి పట్టడం నయం.

ఇంకో చిక్కు, తలకిందులైన క్రోమోజోమ్ ముక్కలు. ఆఫ్రికా ఈగల్లో రెండో క్రోమోజోమ్ ఎడమ భుజాన అలాంటి ముక్క తరచుగా కనిపిస్తుంది. మామూలు ముక్కతో అది సరిగా పునస్సంయోగం చెందదు, అంటే భాగాలు ఇచ్చిపుచ్చుకోదు, అందులోని తేడాలన్నీ కట్టగట్టుకుని తరాలు దాటుతాయి. వాటిని విడివిడిగా లెక్కిస్తే ఒకే అడవిలోని ఈగలు రెండు వేర్వేరు జనాభాల్లా కనిపిస్తాయి. ఆ భాగాన్ని పక్కనపెట్టి మళ్లీ లెక్క కట్టి చూడండి.