మట్టి బ్యాక్టీరియా కదలికపై ప్రాజెక్టు చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మిక్సోకాకస్ శాంథస్ అనే మట్టి బ్యాక్టీరియా జారుడు కదలికకు కారణమైన జన్యువులపై ఆరు నెలల ప్రాజెక్టు దొరికింది. జబ్బు కలిగించని సూక్ష్మజీవిపై పనిచేస్తే ఉద్యోగం దొరకదని ఇంట్లో భయపడుతున్నారు. చేరవచ్చా?

జవాబు: తప్పకుండా చేరవచ్చు. ఒక జన్యువు చేసే పనిని ఎలా రుజువు చేస్తారో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పలక అరుదుగా దొరుకుతుంది.

కశాభాలు (ఈదడానికి వాడే కొరడాలాంటి తోకలు) లేకుండానే గట్టి ఉపరితలంపై జారుతూ పోయే ఈ బ్యాక్టీరియాలో కదలిక దెబ్బతిన్న మ్యూటెంట్లను (జన్యువులో మార్పు వచ్చిన రకాలను) జొనాథన్ హాడ్జ్‌కిన్, డేల్ కైజర్ పరిశీలించి, 1979లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని మ్యూటెంట్లలో కణాలు ఒంటరిగా కదలడం ఆగిపోయి గుంపు కదలిక మిగిలింది. మరికొన్నింటిలో గుంపు కదలిక పోయి ఒంటరి కదలిక మిగిలింది. రెండు లోపాలూ ఒకే కణంలో చేరినప్పుడు మాత్రం కదలిక పూర్తిగా నిలిచిపోయింది. అంటే ఇక్కడ పనిచేస్తున్నవి రెండు వేర్వేరు వ్యవస్థలన్నమాట. ఎంజీఎల్‌ఏ అనే జన్యువు ఒక్కటి పాడైతే ఈ రెండూ ఆగిపోతాయి. కణంలో ఏ కొన ముందుండాలో నిర్ణయించడంలో దాని ప్రొటీన్‌కు కీలక పాత్ర ఉందని తరువాత తెలిసింది. ఖరీదైన పరికరాలేవీ లేకుండా, కాలనీ (ఒకచోట పెరిగిన బ్యాక్టీరియా ముద్ద) అంచులను ఓపికగా చూసి ఇంత దూరం తర్కించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. గుంపు కదలికకు ఆధారమైన నాలుగో రకం పిలై (కణంపై ఉండే సన్నని పోగులు) సూడోమోనాస్ ఎరుజినోసా వంటి రోగకారకాల్లోనూ ఉన్నాయి కనుక, మీరు నేర్చుకున్నది వైద్య పరిశోధనకూ పనికివస్తుంది. జన్యువును తొలగించడం, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు అనేక ప్రతులు చేసే పద్ధతి), టైమ్‌ల్యాప్స్ మైక్రోస్కోపీ (మైక్రోస్కోపు కింద కొద్ది కొద్ది వ్యవధిలో వరుస చిత్రాలు తీయడం), చిత్రాల విశ్లేషణ ఏ బయోటెక్ ప్రయోగశాలలోనైనా అవసరమైనవే.

నా ఆందోళనల్లా సమయం గురించే. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే ఇ.కోలై బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మిక్సోకాకస్‌కు కొన్ని గంటలు పడుతుంది, బ్యాక్టీరియాను పెంచే ఒక్కో ప్లేటు కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. అందువల్ల మ్యూటెంట్ ఇప్పటికే సిద్ధంగా ఉందో లేదో గైడ్‌ను ముందే అడగండి. ఉంటే, తొలగించిన జన్యువును తిరిగి చేర్చి కదలిక మళ్లీ వస్తుందో లేదో చూసే ప్రయోగాన్ని మీ ప్రణాళికలో తప్పక పెట్టించుకోండి. ఇంటర్వ్యూ చేసేది నేనైతే మొదట అడిగేది దాని గురించే.

ఒప్పుకునే ముందు ఒక పూట అక్కడి మైక్రోస్కోపు దగ్గర కూర్చోండి. మామూలు కాలనీ అంచున విడివిడి కణాలూ చిన్న గుంపులూ బయటికి పాకుతుంటాయి, రెండు వ్యవస్థలూ పోయినదాని అంచు కత్తిరించినట్టు నున్నగా ఉంటుంది. ఆ తేడాను గంటసేపు చూశాక కూడా ఇంకో ప్లేటు తీయాలనిపిస్తే వెంటనే చేరిపోండి.