మెట్లు పీకే ముందు నట్ చూడండి

ప్రశ్న: చిన్న చెక్కపెట్టెకు మెడ బిగించి, ఉకులేలే (చిన్న గిటార్ లాంటిది) కొలతల్లో నాలుగు నైలాన్ తీగల వాద్యం చేశాను. నా దగ్గరున్నవి చేతిరంపం, ఉలి, ఆకురాయి, బర్మా, సాండ్‌పేపర్, అంతే. తీగ పొడవు 380 మిల్లీమీటర్లు. ఏ మెట్టూ నొక్కకుండా మీటితే జి, సి, ఇ, ఎ చక్కగా పలుకుతున్నాయి. మొదటి మెట్టు దగ్గర నొక్కితే మాత్రం శ్రుతి బాగా పైకి పోతోంది. రెండో మెట్టు దగ్గరా అంతే. ఏడో మెట్టు దాటాక పెద్దగా తేడా లేదు. మెట్ల పలక ఊడదీసి మళ్లీ చేయాలా?

జవాబు: ఆగండి, ఆ పలక జోలికి వెళ్లకండి. నేను వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. నా మొదటి వాద్యానికి సరిగ్గా ఇదే జబ్బు. మెట్లు తప్పుగా కోశాననుకుని, పలకను వేడిచేసి, సందులో కత్తి దూర్చి ఊడబెరికాను. దాంతోపాటు పైచెక్క ఒక మూల లేచిపోయింది. కొత్త పలక, కొత్త మెట్లు, పది రోజుల పని. తీరా తీగలు కట్టి మొదటి మెట్టు నొక్కితే మళ్లీ అదే అపశ్రుతి. ఎందుకంటే పాత నట్‌నే, అంటే మెడ చివర బిరడాల దగ్గర తీగలు గాడుల్లో ఆనే చిన్న పట్టీనే, తెచ్చి పెట్టాను. తప్పంతా దాంట్లోనే ఉంది.

నట్‌లో గాడి లోతు చాలకపోతే తీగ మొదటి మెట్టుకు బాగా ఎత్తులో నిలబడుతుంది. నొక్కినప్పుడు అంత కిందికి దిగాలంటే తీగ సాగాలి. సాగితే బిగువు పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. నట్ పక్కనే నొక్కితే ఈ సాగుడు మరీ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

పరీక్ష సులువు. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తీగను వేలితో అదిమి పట్టుకోండి. ఇప్పుడు మొదటి మెట్టు మీద తీగకు కింద ఎంత ఖాళీ ఉందో పక్కనుంచి చూడండి. ఒక పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. అట్టముక్క దూరుతోందంటే గాడి ఇంకా దింపాలి. తీగ వదులుచేసి పక్కకు తప్పించి, సన్నటి ఆకురాయితో నాలుగైదు సార్లు రాయండి. ఆకురాయి మరీ లావైతే సాండ్‌పేపర్‌ను పాత బ్లేడు అంచు మీద మడిచి వాడండి. గాడి బిరడాల వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. తీగ ఆనేది మెట్ల వైపు అంచు మీదే. మళ్లీ తీగ బిగించి, శ్రుతి చేసి, చూడండి. విసుగుపుట్టించే పనే, కానీ ఒకేసారి దింపేస్తే తీగ మొదటి మెట్టుకు తగిలి జుమ్మంటుంది. అలా అయితే గాడిలో చెక్కపొడి నింపి, ఒక చుక్క సూపర్ గ్లూ వేసి, ఆరాక మళ్లీ రాయండి.

ఇంత చేసినా తేడా ఉంటేనే మెట్లను అనుమానించండి. 380 మి.మీ. తీగకు నట్ నుంచి మొదటి మెట్టు 21.3, రెండోది 41.5, అయిదోది 95.3, ఏడోది 126.4, పన్నెండోది సరిగ్గా సగం, 190. లెక్క ఎలాగంటే, మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించడమే, వచ్చిందే తర్వాతి మెట్టుకు దూరం. కాగితం మీద లెక్క అలా నడిచినా, చెక్క మీద గుర్తులన్నీ నట్ నుంచే పెట్టాలి. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు కొలుస్తూ పోతే, ఒక్కోసారి అర మిల్లీమీటరు అటే తప్పినా పన్నెండో మెట్టుకు 6 మి.మీ. అవుతుంది. అక్కడ పక్కపక్క మెట్ల మధ్య దూరమే 11.3. వీణ వాళ్లు అదృష్టవంతులు. వాళ్ల మెట్లు మైనంలో ఉంటాయి, వేడిచేసి జరుపుకోవచ్చు. మనది రంపపు గాటు. పడితే పడినట్టే.

ఒకవేళ తేడా పన్నెండో మెట్టు దగ్గరే కనబడితే కారణం వేరు. ఆ మెట్టుకు సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటి వదిలేయండి, గంటలా మోగుతుంది. తర్వాత అదే మెట్టు నొక్కి మీటండి. నొక్కినది ఎక్కువ శ్రుతిలో ఉంటే బ్రిడ్జిని, అంటే పెట్టె మీద తీగల రెండో కొస ఆనే ముక్కను, వెనక్కి జరపాలి. 380 అని లెక్క వేసినా బ్రిడ్జిని 382 దగ్గర పెట్టడం అందుకే. నొక్కినప్పుడు తీగ ఎంతో కొంత సాగక తప్పదు కదా.

ప్రశ్న: నైలాన్ తీగలకు శబ్దం చాలడం లేదు. స్టీలు తీగలు వేయొచ్చా?

జవాబు: వద్దు. అదే శ్రుతికి స్టీలు తీగ చాలా ఎక్కువ బలంగా లాగుతుంది. బ్రిడ్జి ఊడుతుంది, లేదా పైచెక్క ఉబ్బుతుంది. శబ్దం తక్కువంటే ముందు పైచెక్క మందం చూడండి. పెట్టె మూత 4 మి.మీ. ఉంటే అది మోగదు. చిత్రికతో, తర్వాత సాండ్‌పేపర్‌తో 2 మి.మీ. దాకా దించి, లోపల బ్రిడ్జి కింద అడ్డంగా ఒక సన్నటి పట్టీ అతికించండి. చెక్కలోని గీతలు తీగల వెంట పోవాలి, అడ్డంగా కాదు.

ప్రశ్న: పెట్టె వద్దు, గుండ్రటి నడుముతోనే కావాలి. పక్కచెక్కలు వంచుతుంటే విరిగిపోతున్నాయి.

జవాబు: మందం ఎంతో రాయలేదు. 2 మి.మీ. దాటితే విరుగుతాయి. తడిపి, బాగా వేడెక్కిన లోహపు గొట్టం మీద మెల్లగా ఆడించండి. నీళ్ల చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి ఉండాలి. చేతికి తొడుగులు వేసుకోండి. చెక్క తనంతట తాను లొంగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పటిదాకా నొక్కకండి. రెండు ముక్కలకు బదులు నాలుగు కోసి పెట్టుకోండి. నేనిప్పటికీ నాలుగే కోస్తాను.