మీటర్‌లో 100, మ్యాప్‌లో 94: మీటర్ పాడవలేదండీ

మీ కారు స్పీడ్ మీటర్ గంటకి 100 కిలోమీటర్లు చూపిస్తుంటే, ఫోన్ మ్యాప్‌లో 94 అనే వస్తోందా? టెన్షన్ పడకండి, షోరూమ్‌కి వెళ్లాల్సిన పని లేదు. కంపెనీలు కావాలనే మీటర్‌ని కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం, మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించనే కూడదు. ఎక్కువైతే మాత్రం అసలు వేగంలో పది శాతం, దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపించవచ్చు. ఆ లెక్కన 94కి మీ మీటర్ 107 చూపించినా తప్పు కాదు!

మీటర్ చక్రం తిరిగే వేగాన్ని బట్టి లెక్కేస్తుంది. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గి, అదే వేగానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. కొత్త టైరుకీ బాగా అరిగినదానికీ దాదాపు రెండు శాతం తేడా రావచ్చు. గాలి తగ్గినా కొంచెం అంతే. మ్యాప్ మాత్రం ఉపగ్రహాల సిగ్నల్‌తో పనిచేసే జీపీఎస్‌ని బట్టి వేగం చూపిస్తుంది, దానికి టైరుతో సంబంధమే లేదు. తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తుంటే దాన్నే నమ్మండి. బ్రేక్ వేసినప్పుడు అది కాస్త ఆలస్యంగా మారుతుంది, సొరంగాల్లో నమ్మలేం.

ఒక్కటి అడగాలి, కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించారా? అలాగైతే మీటర్ తక్కువ చూపించే ప్రమాదం ఉంది, తెలియకుండానే వేగం మించి చలానా పడొచ్చు.