పాత చర్చి బాగుచేత: గోడల చెమ్మ, మాటల మార్మోగు, మెట్ల చిక్కు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు చర్చి ఆరాధన మందిరాల మరమ్మతు గురించినవి. గుడి, మసీదు పెద్దలకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ప్రశ్న: మా చర్చి హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. రాయి, సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలు, కింద కడప బండలు. చెమ్మ వస్తోందని కొన్నేళ్ల కిందట లోపల నాలుగు అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించాం. ఇప్పుడు చెమ్మ దాని పైకి ఎక్కింది, రంగు పొరలుగా ఊడుతోంది. కాంట్రాక్టరు టైల్స్ అతికించి, నేల మీద కూడా టైల్స్ పరుద్దామంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
— సంఘ పెద్ద, జమ్మలమడుగు

జవాబు: ఒప్పుకోవద్దు. మీ గోడ కింది నుంచి నీళ్లు పీల్చి, పైపూతలోంచి ఆరబెట్టుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేసింది కాబట్టి నీళ్లు సందు దొరికేదాకా పైకి ఎక్కాయి. టైల్స్ వేస్తే ఇంకా పైకి పోతాయి. నేల మీద టైల్స్ వేసినా అంతే, బండల సందుల్లోంచి పోయే చెమ్మ గోడల వైపు మళ్లుతుంది.

ముందు బయట చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసి, ఆవరణలో మట్టి నింపి బయటి నేల లోపలి నేలకు సమానంగా వచ్చేసి ఉంటుంది. దాన్ని లోపలి నేల కన్నా కనీసం తొమ్మిది అంగుళాలు కిందికి దించాలి. గోడకు ఆనించి సిమెంటు గచ్చు ఉంటే ఒక అడుగు వెడల్పు పగలగొట్టి కంకర నింపండి. దాని అవతల నేల మూడు అడుగులకు ఒక అంగుళం చొప్పున బయటికి వాలాలి. చూరు నీళ్లు గోడ పాదాన పడకుండా గొట్టం పెట్టి దూరంగా వదలండి. ఈ పని చేయకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా వృథా.

తర్వాత సిమెంటు పూతను, చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు గోడ మీద పొంగిన గీతకు ఒక అడుగు పైదాకా, సుత్తి ఉలితో తీయించండి. బ్రేకరు మిషను వాడితే సున్నపు దర్జులు (రాళ్ల మధ్య అతుకులు) అదిరి రాళ్లు కదులుతాయి. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి బయట పారబోయాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడ ఒక్కో వైపు నెలకు అంగుళం మేర ఆరుతుందని పాత లెక్క. ఆ లెక్కన రెండడుగుల గోడకు ఏడాది పడుతుంది. అంత ఆగనక్కర్లేదు, సున్నపు పూత లోపలి చెమ్మను తర్వాత కూడా బయటికి వదులుతుంది. కనీసం ఒక ఎండాకాలం మాత్రం గోడను అలా వదిలేయండి.

పూతకు బాగా నానిన సున్నపు ముద్ద 1 పాలు, కడిగిన ఏటి ఇసుక 2 పాళ్లు, మెత్తటి ఇటుక పొడి 1 పాలు. హాలు చుట్టుకొలత 180 అడుగులు, ఎత్తు నాలుగు అడుగులు, అంటే 720 చదరపు అడుగులు. అంగుళం మందానికి 60 ఘనపుటడుగులు, దర్జులకు, వృథాకు కలిపి 75 అనుకోండి. దానికి ఇసుక 50, ఇటుక పొడి 25, సున్నం 25 ఘనపుటడుగులు కావాలి. పూత నాలుగు అడుగులకు మించి పోతే ఆ మేరకు పెంచుకోండి. ఒకేసారి అంగుళం మందం కొడితే బీటలిస్తుంది. అర అంగుళం చొప్పున రెండు పూతలు, మధ్య వారం ఎడం. మొదటి వారం తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. మన ఎండగాలికి పూత గట్టిపడక ముందే ఆరిపోతే వేలితో గీకితే రాలుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం మోతాదు తెలిసిన బేల్దారి దొరికితేనే కలపండి. పైన పలుచటి సున్నం మూడు నాలుగు సార్లు కొట్టండి. పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, అవీ సిమెంటు చేసిన పనే చేస్తాయి.

కదిలిన కడప బండలకు సుద్దతో నంబర్లు వేసి తీసి, సున్నం, ఇసుక పరుపు మీద మళ్లీ అవే పరచండి. అవి సున్నపురాయి. యాసిడ్ పోస్తే నునుపు పోయి తెల్లగా మచ్చలు పడతాయి. అలా మచ్చపడిన బండకు మళ్లీ పాలిష్ పట్టడం ఒక్కటే దారి.

కాలం సంగతి. క్రిస్మస్ పండుగ కాగానే జనవరిలో పూత తీయడం, బయటి కాలువ మొదలుపెట్టండి. శ్రమదినాల్లో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు), వాటి చివర వచ్చే పవిత్ర వారంలో సుత్తి పని ఆపుకోవచ్చు, గోడ ఎలాగూ ఆరుతూ ఉంటుంది. ఈస్టర్ అయ్యాక చూరు గొట్టం పని. జులై, ఆగస్టుల్లో పూత. అప్పుడు ఎండ మెత్తబడుతుంది, పూత నిదానంగా గట్టిపడుతుంది.

ప్రశ్న: మాదీ అంతే హాలు, స్లాబు ఎత్తు 18 అడుగులు. బెంచీలు తీసి ప్లాస్టిక్ కుర్చీలు, నేలకు టైల్స్ వేశాక అయ్యగారి ప్రసంగం అర్థం కావడం లేదు. పెద్ద స్పీకర్లు కొన్నా అంతే. ఏసీ కూడా పెట్టాలనుకుంటున్నాం.
— అనంతపురం

జవాబు: శబ్దం చాలకపోవడం కాదు, అది చావకపోవడం మీ బాధ. హాలు ఘనపరిమాణం సుమారు 917 ఘనపు మీటర్లు. దాన్ని 0.16తో గుణించి, హాలు పీల్చుకునే శక్తితో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. మీ గోడలు, నేల, స్లాబు అన్నీ కలిపి పీల్చేది 19 చదరపు మీటర్లంత. ఒక్కో మనిషి 0.45. తెరిచిన కిటికీ తన వైశాల్యమంతా పీల్చినట్టే. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు కిటికీలు ఎనిమిది తెరిస్తే 18.

రెండు వందల మందితో, కిటికీలు తెరిచి ఉంటే మోత 1.2 సెకన్లు, మాట తెలుస్తుంది. నలభై మందే ఉన్న సాయంత్రం 2.7. ఆ నలభై మందితోనే ఏసీ కోసం కిటికీలు మూస్తే 4 సెకన్లు, ఒక మాట మీద పది మాటలు పడతాయి. ఏసీ పెట్టేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

వెనక గోడతో మొదలుపెట్టండి. బలిపీఠం దగ్గర పలికిన మాట అక్కడ తగిలి వెనక్కి రావడానికి 100 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది, అందుకే ముందు వరుసల వాళ్లకు మాట రెండుసార్లు వినిపిస్తుంది. రెండంగుళాల రాక్‌వూల్‌ను (రాతి నారతో చేసిన పలకను) చెక్క చట్రంలో పెట్టి, పలుచటి గుడ్డ కప్పి, గోడకు రెండంగుళాల ఎడంగా 360 చదరపు అడుగుల మేర బిగించండి. కిటికీలు తెరిచి ఉంటే ఆ నలభై మంది రోజున కూడా మోత 1.8కి దిగుతుంది. గుడ్డ మీద పెయింటు వేయకండి, పీల్చడం పోతుంది. థర్మోకోల్, గుడ్ల అట్టలు ఈ పనికి రావు, పైగా నిప్పు తగిలితే ప్రమాదం. పెద్ద పెట్టె స్పీకర్ల బదులు సన్నటి నిలువు కాలమ్ స్పీకర్లు రెండు చాలు. అవి శబ్దాన్ని పైకప్పుకు కాకుండా జనం మీదికి పంపుతాయి. మైకు వాటి వెనకే ఉండాలి.

ప్రశ్న: నడవలేని పెద్దవాళ్లు ప్రభు భోజన సంస్కారానికి (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి) ఆల్టరు (బలిపీఠం) దాకా రావాలంటే ర్యాంపు కట్టవచ్చా?
— ప్రొద్దుటూరు

జవాబు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు కావాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులు, మలుపు తిరిగే చోటు అదనం. హాలులో అంత జాగా పోతుంది కాబట్టి అక్కడ కట్టకండి, సంస్కారాన్ని కింది నేల మీదికే తెచ్చి ఇమ్మని అయ్యగారితో మాట్లాడండి. ర్యాంపును పక్క వాకిలికి కట్టండి. రెండు మెట్లకు 12 అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు, రెండు వైపులా మూడడుగుల ఎత్తు పట్టుకమ్మి, పైన గరుకు బండ. పాలిష్ గ్రానైట్ వానకు జారుతుంది. లోపల రెండు మూడు వరుసల బెంచీలను మూడడుగులు కుదించి చక్రాల కుర్చీకి చోటు చేయండి. ఆ చోటు తలుపు దగ్గర వెనక కాదు, కుటుంబాలు కూర్చునే వరుసల మధ్యే ఉండాలి.